బెట్టవేళ టమాటా మొక్కలో జన్యువులు చేయు పని

టమాటా విత్తనపు పొట్లములపై ‘బెట్టకు తాళును’ అను మాట యిప్పుడు తఱచుగా కానవచ్చుచున్నది. అట్టి పొట్లమునకు వెలయు హెచ్చు. సంఘమునుండి అప్పు తీసికొని విత్తనము కొను సభ్యుడు ఆ మాటను నమ్మి రెండు మూడు తడులు తగ్గించి సాగుచేసినచో, మాట నిజమైన పక్షమున బాగుపడును. కాని పక్షమున పెట్టుబడి పోయి అప్పు మాత్రము మిగులును. కావున ఆ మాటకు అర్థమేమో ముందుగా విచారింపవలసియున్నది. బెట్టకు తాళుట యనగా మొక్క చావక నిలుచుటయా, లేక నిలిచి తగినంత కాపు నిచ్చుటయా? ఈ రెండును ఒక్కటియే యని చాలమంది తలంతురు. మొక్క లోపల జరుగు పనిని చూచినచో ఇవి వేఱువేఱని మాత్రమే గాక, కొన్ని సమయములయందు ఒకదానికొకటి విరోధులని కూడ తెలియును. ఆ లోపలి పనిని నడుపునవి జన్యువులు. వానిని గూర్చి మాకు చేతనైనంత తేటగా ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

టమాటాను మన పెద్దలు కొందఱు రామములగ యనిరి; చిత్తూరు వైపున తక్కాళి యందురు. పేర్లు మనవే గాని మొక్క మన దేశపుది కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఖండపు పడమటి భాగము. పెరూ, ఈక్వెడారు దేశములయందును, చిలీ దేశపు ఉత్తర భాగమునను, ఆండీసు పర్వతముల పడమటి వాలులమీద దీని అడవి బంధువులు నేటికిని పెరుగుచున్నవి. మెక్సికోలో సాగునకు వచ్చిన ఈ మొక్కను 16వ శతాబ్దమున స్పెయిను దేశస్థులు ఐరోపాకు కొనిపోయిరి. పిమ్మట పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చెను. ఇంత దూరము నడిచి వచ్చుటలో మనుష్యుడు పెద్ద కాయను, ఎఱ్ఱని రంగును, హెచ్చు కాపును కోరి తరతరములుగా విత్తనమును ఏరుచు వచ్చెను. నీరు పెట్టుట తన పనియే గనుక, నీరు లేక నిలుచు గుణమును అంతగా ఏరలేదు. అందుచేతనే ఎడారిలో బంధువులు గల ఈ మొక్క మదనపల్లె ప్రాంతపు తోటలలో ఎండకాలమున నాలుగు దినములు తడి తప్పినంతనే తలవ్రేల్చుచున్నది.

జన్యువనగా నేమి? మొక్క దేహమంతయు కంటికి కానరాని చిన్న కణములతో కట్టబడినది. అది ఎట్లు పెరుగవలెనో, ఏ సమయమున ఏ పదార్థమును తయారు చేసికొనవలెనో తెలుపు వ్రాత యొకటి ప్రతి కణమునందును ఉండును. ఆ వ్రాతలో ఒక్కొక్క పదార్థమునకు సంబంధించిన భాగమునకు జన్యువని పేరు. టమాటాలో ఈ వ్రాత 12 జతల క్రోమోజోములపై నున్నది. పలు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసి, హైంజ్ 1706 అను రకములోని వ్రాతను ఇంచుమించుగా పూర్తిగ చదివి 2012వ సంవత్సరమున ప్రకటించిరి. అందు సుమారు 35,000 జన్యువులున్నట్లు తేలినది. ఆ పనిలో 5వ క్రోమోజోము మన దేశపు శాస్త్రజ్ఞుల వంతునకు వచ్చెను.

ఇచ్చట ఒక సంగతిని గట్టిగా పట్టుకొనవలెను. జన్యువు ఉండుట వేఱు, అది పనిచేయుట వేఱు. ఆకులోని కణమునందును, వేరులోని కణమునందును, కాయలోని కణమునందును అవే 35,000 జన్యువులు కలవు. కాని అన్నియు ఎల్లవేళల పనిచేయవు. మన సంఘపు గిడ్డంగిలో ఎరువు, పురుగుమందు, గోనెసంచులు అన్నియు ఉండును. చీటీ వచ్చిన సరకు మాత్రమే బయటికి పోవును. మొక్కయందును అంతే. నేల ఎండనారంభించినప్పుడు కొన్ని జన్యువులకు చీటీ వచ్చును, మఱికొన్నిటికి వచ్చుచుండిన చీటీ ఆగిపోవును. కనుక ‘మా విత్తనములో బెట్ట జన్యువు కలదు’ అని యెవరైన చెప్పినచో అందు విశేషమేమియు లేదు. బెట్టకు సంబంధించిన జన్యువులు ప్రతి టమాటాయందును కలవు. అవి యెప్పుడు మేలుకొనును, ఎంత వేగముగా పనిచేయును, ఎంతవఱకు పనిచేసి ఆగును అనునదియే రకమునకును రకమునకును గల భేదము.

ఇక నీటి సంగతి. వేళ్లు పీల్చిన నీటిలో నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా మొక్క దేహమున నిలువక ఆకులనుండి ఆవిరియై పోవును. ఆకు అడుగుభాగమున మిక్కిలిగాను, పైభాగమున కొంతగాను సన్నని రంధ్రములు గలవు. ఒక్కొక్క రంధ్రమునకు రెండు ప్రక్కల రెండు కణములు పెదవులవలె కావలియుండును. వీనిని రక్షకకణములందురు. ఇవి నీటితో ఉబ్బినప్పుడు రంధ్రము తెఱచుకొనును, సడలినప్పుడు మూసికొనును. రంధ్రములన్నియు ఎల్లప్పుడు మూసియుంచినచో నీరు దక్కునుగదా యని తోచవచ్చును. కాని మొక్క తన ఆహారమునకు కావలసిన బొగ్గుపులుసు గాలిని తీసికొనునది ఆ దారినే. నీరు పోవు వాకిలియు, అన్నము వచ్చు వాకిలియు ఒక్కటియే. వాకిలి మూసిన దినమున నీరు మిగులును, పస్తును తప్పదు. అంతేకాక, ఆవిరియై పోవు నీరే ఆకును చల్లబఱచుచున్నది. అది ఆగినచో ఆకు ఎండకు వేడెక్కును. బెట్టను గూర్చిన కష్టమంతయు ఈ ఒక్క వాకిలియొద్దనే యున్నది. ముందు చెప్పబోవు విషయమంతయు దీనిమీదనే ఆధారపడును గనుక చదువరులు దీనిని మఱవకుందురుగాక.

ఈ వాకిలిని మూయు ఆజ్ఞ యెచ్చటినుండి వచ్చునో తెలిపినది టమాటా మొక్కయే. జర్మనీ దేశమున 1950 దశాబ్దమున ఎక్స్‌కిరణములను విత్తనములపై ప్రసరింపజేసి, జన్యువులు చెడిన మొక్కలను పుట్టించు పరిశోధనలు జరిగెను. అట్లు పుట్టిన టమాటాలలో మూడు రకముల మొక్కలు విచిత్రముగా నుండెను. నేలలో నీరు నిండుగా నున్నను, పగటివేళ అవి వాడి వ్రేలాడుచుండెను. వానికి లాటిను భాషలో ఫ్లాక్కా, సిటియెన్స్, నోటబిలిస్ అని పేరులు పెట్టిరి. ఫ్లాక్కా యనగా మెత్తబడి వ్రేలాడునది. సిటియెన్స్ అనగా దప్పిగొన్నది. వేళ్లు చెడినవా, కాండము చెడినదా యని వెదకగా, చెడినది ఆకు రంధ్రముల నడవడి యని 1966లో వెల్లడియయ్యెను. చీకటియందును, ఆకు వాడినప్పుడును కూడ ఆ రంధ్రములు తెఱచుకొనియే యుండెను. రాత్రి తలుపు వేయుట మఱచిన ఇల్లు ఎట్లుండునో ఆ మొక్క లట్లుండెను.

తరువాత తెలిసినదేమనగా, ఈ మూడు మొక్కలయందును ఆబ్సిసిక్ ఆమ్లమను పదార్థము చాలినంత లేదు. ఇది మొక్క తనలో తాను తయారు చేసికొను హార్మోను. 1960 దశాబ్దపు మొదటి సంవత్సరములలో కనుగొనబడినది. ఆ ఆమ్లమును నీటిలో కలిపి వాడిన మొక్కలపై చల్లగా, రంధ్రములు మూసికొని ఆకులు నిక్కినవి. చల్లుట మానగా మరల వాడినవి. ఒక్క జన్యువు చెడినందుకు మొక్క బ్రతుకంతయు ఎట్లు తలక్రిందులగునో తెలుపుటకు ఇంతకన్న తేటయైన నిదర్శనము మాకు కానరాదు. చల్లిన ఆమ్లము మొక్కను నిలిపినదిగదా, మనమును పొలమున చల్లరాదా యని యెవరైన అడుగవచ్చును. మంచి మొక్కలో ఆ ఆమ్లమునకు కొఱతలేదు. పైనుండి చల్లిన మేర అకాలముగా వాకిలి మూసినట్లే యగును.

ఆ మూడు జన్యువుల పనియును ఇప్పుడు తెలిసినది. క్యారెటు దుంపకును, పండిన టమాటాకును రంగునిచ్చు పదార్థముల కుటుంబము ఒకటి కలదు. ఆ కుటుంబములోని కొన్నిటిని తునిమి ఆబ్సిసిక్ ఆమ్లమునకు ముడిసరకు తయారుచేయు పని నోటబిలిస్ మొక్కలో చెడినది. ముడిసరకును చివరి మెట్టున ఆమ్లముగా మార్చు ఎంజైము సిటియెన్స్‌లో చెడినది. ఆ ఎంజైముకు మాలిబ్డినమను సూక్ష్మధాతువును అమర్చియిచ్చుటలో చివరి పని యొకటి కలదు. అది ఫ్లాక్కాలో చెడినది. ఒకే గానుగలో మూడు చోట్ల మూడు చీలలు ఊడినట్లు గ్రహింపవలెను. ఏ చీల ఊడినను నూనె రాదు. మంచి మొక్కలో నేల ఎండి ఆకులో నీటి బిగువు తగ్గినప్పుడు, మొదట చెప్పిన తునిమెడి ఎంజైము యొక్క జన్యువు మేలుకొని కొద్ది గంటలలో ఆమ్లము పెక్కింతలగును.

ఆమ్లము వచ్చినంత మాత్రమున రంధ్రము మూసికొనదు. దానిని గుర్తుపట్టువా రుండవలెను. ఆ గుర్తుపట్టు మాంసకృత్తులను 2009లో కనుగొనిరి. సాధారణ సమయమున, బెట్ట పనులు ఆరంభింపజేయు మాంసకృత్తులను మఱియొక మాంసకృత్తు పగ్గమువలె పట్టియుంచును. ఆమ్లము గుర్తుపట్టు మాంసకృత్తుతో చేరగానే, ఆ జంట పోయి పగ్గము పట్టినదానిని అడ్డగించును, పగ్గము వదలును. అంతట రక్షకకణములలోని పొటాసియము లవణములు బయటికి పోవును. వాని వెంట నీరు పోవును. కణము సడలి రంధ్రము మూసికొనును. ఎరువులలో పొటాషు వేయుట నీటి పొదుపునకు కూడ సంబంధించినదని వ్యవసాయశాఖవారు చెప్పుటలో ఒక కారణ మిదియే.

నేల ఎండినదని మొదట తెలిసికొనునది వేరా, ఆకా? వేరే ముందుగా ఆమ్లమును చేసి పైకి పంపునని చాలకాలము తలచిరి. టమాటాను అంటు కట్టుట సులభము గనుక దీనిని పరీక్షించుటకు వీలు కలిగినది. ఆమ్లము చేయలేని మొక్క వేళ్లపై మంచి మొక్క కొమ్మను అంటుకట్టి నేలను ఎండనిచ్చి చూచిరి. 2002లో ప్రకటింపబడిన ఈ పరీక్షలో, వేళ్లకు ఆమ్లము చేయు శక్తి లేకున్నను పైకొమ్మ ఆకుల రంధ్రములు చక్కగా మూసికొన్నవి. కనుక ఆకునకు కావలసిన ఆమ్లము ముఖ్యముగా పైభాగమునందే తయారగుచున్నది. వేరునుండి వార్త పోవుట లేదని దీని అర్థము కాదు. వేరునుండి ఆకునకు పోయి అచ్చట ఆమ్లము చేయించు ఒక చిన్న మాంసకృత్తు తునుకను జపాను దేశపు శాస్త్రజ్ఞులు 2018లో ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కయందు చూపిరి. వాకిలి మూయుట ఆకు పని. వార్త అందించుటలో వేరునకును పాలు కలదు.

బెట్ట ఒకటి రెండు దినములతో తీరనప్పుడు మొక్క రెండవ వరుస పనులకు దిగును. కాలిఫోర్నియాలో 1988లో జరిగిన పరిశీలనలో, వాడిన మంచి టమాటా ఆకులయందు అంతకుముందు లేని మాంసకృత్తులు కొన్ని తయారగుట చూచిరి. ఫ్లాక్కా మొక్కను వాడనిచ్చినను వానిలో పెక్కు తయారు కాలేదు. ఆమ్లము ఇచ్చినతోడనే తయారైనవి. ఇట్టి మాంసకృత్తులు కొన్ని కణములోని నాజూకు భాగములు ఎండి ముద్దకట్టకుండ కాపాడును. పండి ఎండిన గింజలో పిండమును బ్రతికించునవియు ఈ కుటుంబములోనివే. గింజ యేండ్ల తరబడి ఎండియుండి చావకుండుటకు తోడ్పడు విద్యనే ఆకు కష్టకాలమున కొంతవఱకు ఎరవు తెచ్చుకొనుచున్నదని చెప్పవచ్చును. ఇవిగాక ప్రోలీను, చక్కెరలు మొదలగునవి కణములో చేరి నీటిని పట్టియుంచును. ఆకుపై మైనపు పొర దట్టమగును. పైపెరుగుదల తగ్గి వేరు పెరుగుదల కొంతవఱకు నిలిచియుండును. ఈ పనులలో ప్రతిదానికిని వేఱు జన్యువులు కలవు, వానిని మేలుకొలుపు పెద్ద జన్యువులును కలవు. ఒక పెద్ద జన్యువు మేలుకొనినచో దాని చేతిక్రింది చిన్న జన్యువులు అనేకములు ఒక్కసారిగా మేలుకొనును.

ఇచ్చటనే శాస్త్రజ్ఞులకు ఆశ పుట్టినది. పెద్ద జన్యువు నొకదానిని ఎల్లవేళల మేలుకొనియుండునట్లు చేసినచో మొక్క యెప్పుడును బెట్టకు సిద్ధముగా నుండునుగదా? తైవాను దీవియందు ఈ పని చేసి చూచిరి. అరబిడాప్సిస్‌లోని అట్టి పెద్ద జన్యువు నొకదానిని టమాటాలో ప్రవేశపెట్టి, ఎల్లప్పుడు పనిచేయునట్లు అమర్చిరి. 2002లో ప్రకటింపబడిన ఫలితమును మన సభ్యులందఱు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఆ మొక్కలు నీరు లేనప్పుడు సాధారణపు మొక్కలకంటె చాల బాగుగా నిలిచినవి. మాట నిజమే. కాని అవి గిడసబారినవి. కాయలు తగ్గినవి, కాయలో గింజలు తగ్గినవి. బెట్ట లేని దినములలో కూడ బెట్టకాలపు పస్తు అలవాటు చేసికొన్న మొక్క అంతకంటె ఏమి కాయగలదు? ఆ పరిశోధకులే మఱుసటి సంవత్సరము ఆ జన్యువును బెట్ట వచ్చినప్పుడు మాత్రమే మేలుకొనునట్లు మార్చి అమర్చగా, మామూలు సమయమున పెరుగుదలయు కాపును సాధారణపు మొక్కలతో సమానముగా వచ్చి, బెట్టవేళ నిలుచు గుణమును దక్కినది. జన్యువు అదియే, దానికి చీటీ వచ్చు సమయము మాత్రము మారినది.

మొదట మేము వేసిన ప్రశ్నకు దీనియందు సమాధానము చాలవఱకు కలదు. కుండీలో నీరు పోయుట మాని, పది దినముల తరువాత ఏ మొక్క పచ్చగా నున్నదో చూచి ‘ఇది బెట్టకు తాళు రకము’ అని చెప్పుట సులభము. పెరుగుదల తక్కువ గల మొక్క, ఆకులు చిన్నవిగా నున్న మొక్క కుండీలోని నీటిని మెల్లగా త్రాగును గనుక సహజముగానే ఆలస్యముగా వాడును. అది దాని గొప్ప కాదు, దాని పొట్ట చిన్నది. ఇటువంటి కుండీ పరీక్షలతో గొప్పవని చెప్పబడిన జన్యువులు పెక్కు. పొలమునుండి గంపలకు కాయలు తెచ్చి చూపినవి కొన్ని మాత్రమే.

అట్లు పొలమున చూపిన పని యొకటి కలదు. దానిని మేము ఎక్కువగా మెచ్చుకొందుము. టమాటా అడవి జాతులలో పెన్నెల్లీ యను నొకటి పెరూ దేశపు మెట్టప్రాంతములలో పెరుగును. దాని కాయ చిన్నది, పండినను ఆకుపచ్చగానే యుండును, తినుటకు పనికిరాదు. ఆకులు జిగటగా నుండును. దాని వేళ్లు విస్తారమైనవి కావు; ఆకు నీటిని పొదుపుగా వాడుట చేతనే అది నిలుచుచున్నది. చిలెన్స్ అను మఱియొక జాతి అటకామా యెడారి అంచులలో నుండును. దాని నేర్పు వేరు వ్యాపించుటయం దున్నది. ఒకే కష్టమునకు ఇద్దఱు బంధువులు రెండు త్రోవలు పట్టిరి. చార్లెస్ రిక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు (1915-2002) తన జీవితమున అధికభాగము ఇట్టి అడవి టమాటాల గింజలను ఆండీసు ప్రాంతములనుండి సేకరించుటయందు గడపెను. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఆయన పేర నున్న విత్తననిధి నేటికిని ప్రపంచమునకు గింజలను పంచుచున్నది. పనికిరాని పచ్చికాయల కొఱకు కొండలు తిరిగినవాని ఓర్పును మనము తక్కువగా చూడరాదు.

ఇశ్రాయేలు దేశపు జమీర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఆ పెన్నెల్లీని సాగు టమాటాతో సంకరముచేసి, పుట్టిన మొక్కలను మరల మరల సాగు టమాటాతోనే కలిపి, కడకు ఒక్కొక్క మొక్కయందు పెన్నెల్లీ క్రోమోజోము తునుక ఒక్కటి మాత్రమే మిగులునట్లు చేసిరి. ఈ వరుసలను 1990 దశాబ్దమున తయారుచేసిరి. ఇందు ప్రయోగశాలలో జన్యువును దూర్చుట యేమియు లేదు. మన పెద్దలు పశువుల మేలుజాతులను తీసిన పద్ధతియే, ఎక్కువ శ్రద్ధతో చేయబడినది. అట్లు చేయగా కాపును హెచ్చించు తునుకలు మూడు దొరికినవి. ఆ మూడింటిని ఒకే మొక్కలో చేర్చి, దానితో సంకరములు పుట్టించి పొలమున పరీక్షించిరి. 2004లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము, నిండుగా నీరిచ్చిన మళ్లయందును, అందులో పదవవంతు నీరు మాత్రమే యిచ్చిన మళ్లయందును కూడ ఈ సంకరములు అంగడిలో పేరుగాంచిన రకముకంటె నూటికి యేబదికి పైగా హెచ్చు కాపునిచ్చినవి. పదవవంతు నీటితో కాసినది నిండు నీటితో కాసినంత యని దీని అర్థము కాదు. ఒకే నీటి కొలతలో ప్రక్కప్రక్కన పెట్టి తూచినప్పుడు ఇవి పైచేయిగా నున్నవి. మాకు కావలసిన పరీక్ష యిది. చచ్చినవెన్ని, బ్రతికినవెన్ని యని గాక, ఎన్ని కిలోలు వచ్చినవని అడిగిన పరీక్ష యిది.

కొత్త పద్ధతులను గూర్చియు ఒక మాట. మొక్క జన్యువులో నచ్చిన చోట చిన్న మార్పు చేయు విద్య యిప్పుడు వచ్చినది. దీనితో టమాటాలో కొన్ని జన్యువులను చెడగొట్టి, వాని పని బెట్టవేళ ఏమో తెలిసికొనుచున్నారు. మన దేశమున 2025 మే నెలలో ఇట్లు మార్చిన వరి రకములు రెండింటిని ప్రకటించిరి. వానిలో పూసా డీఎస్‌టీ రైస్ 1 అనునది మన మారుటేరులో పుట్టిన ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు, నుండి తీసినది. అందు మార్చిన జన్యువు ఆకు రంధ్రముల పనికి సంబంధించినదే. టమాటాలో అట్టి బెట్ట రకము మన దేశపు రైతులకు ఇంకను రాలేదు. వేఱు జీవి జన్యువును దూర్చిన టమాటా సాగునకు మన దేశమున అనుమతియే లేదు. కావున నేడు ఎవరైన ‘జన్యువు మార్చిన బెట్ట టమాటా’ యని విత్తనము చూపినచో దానిని కొనకుండుటయే గాక, సంఘపు కార్యదర్శికి తెలియజేయవలెను. బెంగుళూరి ఉద్యాన పరిశోధనాసంస్థవారు మామూలు పద్ధతిని తీసిన అర్కా మేఘాలి వర్షాధారపు సాగునకు ఉద్దేశింపబడినది. అర్కా వికాస్ కూడ చెమ్మ తక్కువైనప్పుడు కొంత ఓర్చుకొనును. ఇవి సంకరములు కావు గనుక రైతు తన గింజ తానే ఉంచుకొనవచ్చును.

ఇక పొలమున ఈ జ్ఞానము దేనికి పనికివచ్చును? ముందుగా, మొక్కకు మేలుకొనుటకు వ్యవధి యీయవలెను. జన్యువు మేలుకొని మాంసకృత్తు తయారగుటకు గంటలు పట్టును. మైనపు పొర దట్టమగుటకు, వేరు సాగుటకు దినములు పట్టును. నారు నాటుటకు వారము పది దినముల ముందునుండి మడికి తడులు తగ్గించు మన అలవాటు ఈ కారణముచేతనే మంచిది. నిండు తడిలో పెంచి, ఒక్కసారిగా ఎండలోనికి తెచ్చి నాటిన నారు వాకిలి మూయుట నేర్వకమునుపే వాడిపోవును. నాటిన మొక్క నాటుకొన్న పిమ్మట పూత రానంతవఱకు తడి కొంచెము దూరమైనను మొక్క సర్దుకొనును. పూత మొదలైనప్పటినుండి పిందె నిలుచువఱకు మాత్రము తడి తప్పరాదు. పొదుపు ఆజ్ఞ వచ్చిన మొక్క మొదట వదలుకొనునది పూతను, పిందెను. నీరు తక్కువగా నున్న బోరుబావి రైతు ఈ లెక్కను ముందుగా చూచుకొని, పూతకాలమునకు నీరు చాలునంత విస్తీర్ణమునే నాటవలెను. రెండెకరములు నాటి, పూతవేళ సగముసగము తడులిచ్చుటకంటె ఎకరము నాటి నిండుగా తడుపుట మేలని మా అభిప్రాయము.

బెట్ట తరువాత ఒక్కసారిగా నీరు ముంచుటయు కీడే. గట్టిపడిన తొక్క లోపలి ఉబ్బును తాళలేక కాయ పగులును. తడులు హెచ్చుతగ్గులుగా నున్నచో కాయ అడుగుభాగము నల్లబడి కుళ్లుట మనము చూచుచున్నాము. అది తెగులు కాదు. సున్నపు ధాతువు నీటితోపాటు ప్రయాణము చేయును గనుక, నీరు తప్పినచోట అదియు అందక ఆ భాగము చెడును. దానికి మందు కొట్టి డబ్బు పోగొట్టుకొనువారు ప్రతి గ్రామమునందును కలరు. సాలు విడిచి సాలు తడిపి, తరువాతి పర్యాయము విడిచిన సాలును తడుపు పద్ధతి కొన్నిచోట్ల నీటిని పొదుపుచేసినది. ఎండిన ప్రక్క వేళ్లు పొదుపు వార్తను పంపుచుండగా తడిసిన ప్రక్క వేళ్లు మొక్కను పోషించుట ఇందలి కిటుకు. కాని ఇసుక పాళ్లు హెచ్చుగా గల తేలిక యెఱ్ఱనేలలలో వేసవియందు దీనిని పూర్తి పొలమున మొదలుపెట్టరాదు. నాలుగు సాళ్లలో చూచి, తరువాత విస్తరింపవలెను.

విత్తనపు పొట్లముపై మాటను పరీక్షించుటకు కూడ పెద్ద ఖర్చు లేదు. ఒక్కొక్క గ్రామమున ఇద్దఱు ముగ్గురు సభ్యులు కలిసినచో చాలును. కొత్త రకమును, తాము నమ్మిన పాత రకమును ఒకే దినమున, ఒకే మడిలో ప్రక్కప్రక్కన ఆరేసి వరుసలు నాటవలెను. అందు మూడేసి వరుసలకు మామూలు తడులును, మూడేసి వరుసలకు తగ్గించిన తడులును ఈయవలెను. తగ్గించిన తడి వరుసలు నిండు తడి వరుసలకు ఆనుకొని యుండరాదు. చెమ్మ ప్రక్కకు ప్రాకును గనుక నడుమ రెండు వరుసలు వదలి, వాని కాయలను లెక్కలోనికి తీసికొనరాదు. మధ్యాహ్నమున ఏది వాడినది, ఏది నిక్కియున్నదను దానిని చూచి తీర్పు చెప్పరాదు. మొదటి కోతనుండి కడపటి కోతవఱకు తూకములను వ్రాసియుంచవలెను. పగిలినవి, అడుగు కుళ్లినవి వేఱుగా తూచవలెను. తూకపు చీటీలను వరుసలవారీగా వేఱువేఱు కట్టలుగా నుంచుట ముఖ్యము. కోతనాటి తొందరలో రెండు రకముల కాయలను ఒకే గంపలో పోసి మండీకి పంపినచో ఆ యేటి పరీక్ష అంతటితో పోయినట్లే.